రెండో బిడ్డ కోసం సూది

కమలకుమారి భయమల్లా రెండో బిడ్డ గురించే. మొదటి బిడ్డ ఇంకా కడుపులోనే ఉంది.

"ఈ కాన్పుకు భయం లేదమ్మా," అంది డాక్టర్ సుశీలమ్మ, రక్తపరీక్ష కాగితం మీద వేలు పెట్టి. "నీది నెగెటివ్. ఆయనది పాజిటివ్. బిడ్డకు ఆయనదే వస్తే, కాన్పప్పుడు బిడ్డ రక్తం జరంత నీ రక్తంల కలుస్తది. నీ ఒళ్ళు దాన్ని పరాయిదనుకొని పగ పెంచుకుంటది."

"ఈ బిడ్డ మీదాండీ?"

"ఈ బిడ్డ అప్పటికే బయట పడ్తది కద. రెండో బిడ్డ మీద. కడుపులనే."

ఎనిమిదో తరగతితో బడి మానేసిన కమలకుమారికి నెగెటివూ పాజిటివూ తలకెక్కలేదు. పగ మాత్రం అర్థమైంది. అది తన ఒంట్లోనే పుడుతుందని కూడా.

"మందు లేదాండీ?"

"ఉన్నది. ఇమ్యూన్ గ్లోబ్యులిన్ అని ఒక్కటే సూది. కాన్పయిన మూడు రోజుల లోపల పడాలె. బొంబాయి నుంచి రావాలె గనుక ముందే తెప్పించి ఫ్రిజ్‌ల పెట్టుకోండ్రి. చల్లదనం తప్పిందంటే అది మందు కాదు, నీళ్ళు."

"పనిచేసిందో లేదో ఎలా తెలుస్తుందండీ?" అడిగాడు ఆమె భర్త రాధాకృష్ణమూర్తి.

"మళ్ళ నెల తప్పినంకనే తెలుస్తది."

సూది ఖరీదు అతని గుమాస్తా ఉద్యోగంలో ఒక నెల జీతం. లాడ్ బజార్ వెనక సందులో కమలకుమారి జుంకాలు అమ్ముడైపోయాయి. మెడికల్ షాపు బాబురావు డబ్బు తీసుకున్నాడు, మూడు వారాలకు మందు తెప్పించాడు, కానీ వెంటనే చేతికివ్వలేదు.

"ఇంట్ల ఫ్రిజ్ ఉన్నదా మూర్తి సాబ్? ఉంటేనే ఇస్త. ఈ ఎండలకు బయట పెట్టి, రేపు నా మీద లొల్లి చెయ్యొద్దు."

హుస్సేనీ ఆలంలో వాళ్ళు అద్దెకున్న సందు మొత్తానికి ఫ్రిజ్ ఒక్కటే. అది కింది వాటాలో, ఇంటివాళ్ళ ముందుగదిలో ఉంది. దాని మీద తెల్లటి అల్లిక గుడ్డ, గుడ్డ మీద ప్లాస్టిక్ పూల కుండీ, తలుపుకు తాళం. ఇంటావిడ విమలాదేవి దానికి ప్రతి శుక్రవారం బొట్టు పెడుతుంది.

"నా ఫ్రిజ్ ఉండంగ నీకేం ఫికర్ బిడ్డా? తే ఇటు," అంది విమలాదేవి.

"చల్లగా ఉండాలట పిన్నిగారూ. ఒక్క గంట కూడా బయట..."

"తాళంచెవి నా నడుముకుంటది. నా మొగనికే ఇయ్య. ఎవ్వలు ముట్టరు, పో."

గింజల వ్యాపారం చేసే ఆమె భర్త వైకుంఠం పడకకుర్చీలోంచి నవ్వాడు. "నిజమే బిడ్డా. మూడేండ్లాయె, గా ఫ్రిజ్‌ల నీళ్ళు నాకే నసీబు లేవు."

"కుండల నీళ్ళు తాగితే ఏం రోగం నీకు?"

ఆ నెలంతా కమలకుమారి బరువైన కాళ్ళతో రోజూ మెట్లు దిగేది.

"సీసా ఉందా పిన్నిగారూ?"

"ఉన్నది. ఏడికి పోతది?"

ఒక మధ్యాహ్నం వడగాలికి కళ్ళు తిరిగి, చిన్న ఐసు ముక్క అడిగింది. "నెలలు నిండినంక ఐసేంది? బిడ్డకు సర్ది అయితది," అని విమలాదేవి కుండలోంచి చెంబు ముంచి ఇచ్చింది. ఇంత పిసినారా అనుకుంది కమలకుమారి. రూపాయి తీసుకోకుండా మందు దాచిపెడుతున్న మనిషిని అలా అనుకున్నందుకు మళ్ళీ తనే నొచ్చుకుంది.

ఆడపిల్ల పుట్టింది. రక్తం తండ్రిదే, పాజిటివ్. కమలకుమారి వేళ్ళ మీద గంటలు లెక్కపెట్టుకుంటూ పడుకుంది. పిల్ల ఏడ్చినా, పక్క మంచం బాలింత పలకరించినా ఆమె చూపు గుమ్మం మీదే. మర్నాడు రాధాకృష్ణమూర్తి రిక్షా దిగి పరుగెత్తుకొచ్చాడు. విమలాదేవి తడిగుడ్డలో చుట్టి ఇచ్చిన మందు డబ్బా అతని చేతిలో ఉంది.

"మంచి పని చేసిన్రు," అంది సుశీలమ్మ, ఆ తడి డబ్బా విప్పుతూ.

సూది దిగుతున్నప్పుడు కమలకుమారి ముక్కు చిట్లించింది. "కలరా ఉండల వాసనొస్తోందండీ."

"ఈ ఊళ్ళో వాటిని డాంబర్ గోలీలు అనాలి," భర్త నవ్వాడు. "ఆసుపత్రి దుప్పట్లు కదా, అలాగే ఉంటాయి."

ఆ రోజు కమలకుమారి నెలల తరువాత ఒళ్ళెరగకుండా నిద్రపోయింది.

ఏడాది తిరిగింది. పిల్ల గోడ పట్టుకొని నిలబడుతోంది. కమలకుమారికి నెల తప్పి రెండు నెలలయింది. రేపు సుశీలమ్మ దగ్గర రక్తపరీక్ష. భయం వేయనందుకు ఆమెకే ఆశ్చర్యంగా ఉంది. ఈ కబురు ముందుగా విమలాదేవికే చెప్పాలనిపించి, పిల్లను చంకనేసుకొని మెట్లు దిగింది.

విమలాదేవి వంటింట్లో రొట్టెల పిండి పిసుకుతోంది. విన్న వెంటనే పీట మీద నుంచి లేచింది.

"మస్తు మంచి మాట చెప్పినవ్. నడువు, గుడికి పోయి కొబ్బరికాయ కొట్టి వద్దాం. నీ రెండో బిడ్డను కాపాడింది నా ఫ్రిజే, యాది పెట్టుకో."

"మీ మేలు ఎలా మరిచిపోతాను పిన్నిగారూ?"

"నా చేతులకు పిండి ఉన్నది. నడుముకు తాళంచెవి ఉన్నది చూడు, నువ్వే తియ్యి. నా మొగనికి కూడ ఇయ్యలే ఎన్నడు."

కమలకుమారి నవ్వుకుంటూ తాళంచెవి తీసుకొని ముందుగదిలోకి వచ్చింది. పూల కుండీ పక్కకు జరిపి, అల్లిక గుడ్డ పైకెత్తి, తాళం తిప్పింది.

"ఏం తియ్యమంటారు పిన్నిగారూ?"

వంటింట్లోంచి విమలాదేవి కేకేసింది.

"పై అరల నా పట్టుచీర ఉన్నది, డాంబర్ గోలీలు రాలకుండ తియ్యి బిడ్డా."