ఆర్ట్స్ కాలేజీ మెట్ల మీద కపర్ది

తార్నాక బస్టాపులో గాలి ఒక్క విసురు విసిరేసరికి వేదవతి నవల రోడ్డెక్కింది.

నవలంతా కాదు, చివరి అధ్యాయం మాత్రమే. మిగతాది స్నేహితురాలు సారలమ్మ చంకలో భద్రంగా ఉంది.

"ఓయమ్మో, కాయితాలు వేదా!" అంటూ సారలమ్మ అటు పరుగెత్తింది. వేదవతి ఇటు పరుగెత్తింది.

ఇద్దరూ యూనివర్సిటీలో ఎమ్మే చదువుతున్నారు. పుస్తకాలు వేసే సోమయాజులుగారి ఇల్లు తార్నాకలోనే. ఆ సాయంత్రం నవల తెచ్చి చూపించమన్నారు. నచ్చితే అచ్చు వేస్తానన్నారు. నచ్చుతుందో లేదో అన్న అనుమానం ఆయనకు ఉందేమో గానీ వేదవతికి లేదు.

బస్సు కోసం ట్రంకుపెట్టె మీద కూర్చుని ఉన్న ఒక పెద్దాయన, కాళ్ళ దగ్గరికి కొట్టుకొచ్చిన కాగితాలు ఏరి దుమ్ము దులిపాడు. ఇవ్వబోయి ఆగాడు. చదవడం మొదలుపెట్టాడు.

"అవి మావండీ," అంది వేదవతి.

"తెలుసమ్మా. ఇందులోకి ఈయన ఎలా వచ్చాడు?"

ఆయన వేలు డిటెక్టివ్ కపర్ది పేరు కింద ఉంది.

కపర్దిని ఎరగనివాళ్ళు అప్పట్లో ఎవరున్నారు? రైల్వే స్టేషన్లో చూసినా, పుస్తకాలు అద్దెకిచ్చే కొట్లో చూసినా ఆయన నవలలే. కదిలే రైలు మీంచి దూకినా జుట్టు చెదరని మనిషి. అలాంటివాణ్ణి వేదవతి తన నవల్లోకి లాక్కొచ్చి, ముసలివాణ్ణి చేసి, ఆర్ట్స్ కాలేజీ ముందు నిలబెట్టింది. దొంగ మెట్లెక్కి పారిపోతాడు. కపర్ది మోకాళ్ళు పట్టుకుని మెట్ల మీద కూలబడతాడు. అప్పుడు మెట్టుగూడ రైల్వే క్వార్టర్స్‌లో ఉండే కథానాయిక పరుగెత్తి దొంగను పట్టుకుంటుంది.

"నేనే తీసుకొచ్చానండీ. ఎవరినీ అడగలేదు," అంది వేదవతి దర్జాగా.

"అడగాలమ్మా. మీ కథలో అమ్మాయి ఈయన నవల చదువుతోందని రాయండి, ఎవరూ ఏమీ అనరు. ఊరికే తలుచుకోవడం వేరు. ఈయన్ని నడిపించి, మాట్లాడించి, కథంతా తిప్పడం వేరు. కాపీరైటని ఒకటుంది, అది పుస్తకాలు వేసే కంపెనీవాళ్ళది."

"పురాణాల్లోవాళ్ళ మీద అందరూ రాయడం లేదా?"

"వాళ్ళకి కంపెనీ లేదమ్మా."

సారలమ్మ నవ్వాపుకోలేకపోయింది. "ఏంది తాతా, అప్పటిసంది ఈయన ఈయన అంటున్నరు! పేరెందుకు తియ్యరు? మీ పెనిమిటా ఏంది?"

మొగుడి పేరు పలకని ఇల్లాళ్ళు ఇంటింటా ఉన్న కాలం. వేదవతి పకపకా నవ్వేసింది. పెద్దాయనా నవ్వాడు. పేరు మాత్రం చెప్పలేదు.

"మొత్తానికి ఈయనకి మోకాళ్ళ నొప్పులు వచ్చాయన్నమాట," అన్నాడు కాగితం వంకే చూస్తూ. "ఇన్నేళ్ళూ ఎవరూ ఈయన్ని కాసేపు కూర్చోనివ్వలేదు. ఇంకోసారి చదువుకోనా?"

చదువుకున్నాడు. కళ్ళజోడు తీసి కండువాతో తుడిచాడు. తర్వాత కళ్ళు కూడా తుడుచుకున్నాడు. అభిమానుల్లో ఇలాంటి పిచ్చివాళ్ళు కూడా ఉంటారు కాబోలు అనుకుంది వేదవతి. ఆమెకు కాస్త గర్వంగానే అనిపించింది.

"పేరు మార్చి, మనిషిని ఉంచుకోండమ్మా. ఈ మోకాళ్ళ నొప్పి మీరిచ్చింది. దాన్ని ఎవరూ మీ దగ్గర్నుంచి లాక్కోలేరు," అన్నాడు కాగితాలు చేతికిస్తూ. "ఇల్లు ఖాళీ చేసి బందరు వెళ్ళిపోతున్నాను, మా చెల్లెలి దగ్గరికి. లేకపోతే మిగతా నవల కూడా చదివిపెట్టేవాణ్ణి."

"ఫరవాలేదండీ. పుస్తకం వచ్చాక ఎలాగూ అందరూ చదువుతారు."

సికింద్రాబాద్ బస్సు వచ్చింది. ఆయన పెట్టె ఎత్తుకుని ఎక్కేశాడు. పేరైనా అడగాలని ఇద్దరికీ తోచలేదు.

సోమయాజులుగారు వరండాలో కూర్చుని నవల తిరగేశారు. అక్కడక్కడా నవ్వారు. చివరి అధ్యాయం దగ్గరికి వచ్చేసరికి జేబులోంచి ఎర్ర పెన్సిలు తీశారు.

"బాగుందమ్మాయ్. తప్పకుండా వేస్తాను. ఈ కపర్ది మాత్రం వద్దు."

వేదవతి తగ్గలేదు. "రాసినాయన ఎక్కడుంటారో చెప్పండి. నేను వెళ్ళి ఒప్పిస్తాను."

"ఆయన చేతిలో ఏముంది? పుస్తకాల మీద ఉన్నది కంపెనీవాళ్ళు పెట్టిన కలంపేరు. ఇప్పుడు ఆ పేరుతో ఎవరెవరో రాస్తున్నారు. కపర్దిని పుట్టించినాయన మొదట్లోనే హక్కులన్నీ రాసిచ్చేశాడు. తర్వాత అక్కడ మానేసి, సొంతానికి ఒక నవల రాసుకుంటూ, కపర్దిని ఒక్క పేజీలో అలా నడిపించాడు. కంపెనీవాళ్ళు కోర్టుకి లాగారు."

"తను పుట్టించిన మనిషి కోసమా?"

"తను పుట్టించిన మనిషి కోసమే. ఇక ఆ పేరు ఎక్కడా రాయనని ఒప్పుకుని బయటపడ్డాడు పాపం. మళ్ళీ కలం పట్టలేదు."

సారలమ్మ వేదవతి మోచెయ్యి పట్టుకుంది. "గాయన ఇప్పుడు యాడుంటడు సార్?"

"ఎక్కడున్నా వెతికి పట్టుకుంటాను," అంది వేదవతి. "ఆయనంతటివాడు నా నవల ఒక్కసారి చదివితే నాకింకేం కావాలి?"

"ఈ తార్నాకలోనే ఎక్కడో ఉంటాడని విన్నాను," అన్నారు సోమయాజులుగారు పెన్సిలు చెక్కుకుంటూ. "కనిపిస్తే గుర్తుపట్టడం తేలికేనమ్మాయ్. కోర్టులో రాయననే ఒప్పుకున్నాడు గానీ, ఆ మొండిమనిషి ఆనాటి నుంచీ కపర్ది పేరు నోటితో కూడా పలకడట, ఎప్పుడూ 'ఈయన' అనే అంటాడట."