కరగని మనిషి

గవర్రాజు వీలునామా కాగితాలను బావ దేవీప్రసాద్ ముందుకు జరిపాడు. కూర్మన్నపాలెంలోని ఇల్లు కూతురు నీలిమకు రాశాడు. తన తర్వాత దాన్ని అమలు చేయాల్సిన మనిషిగా బావ పేరు పెట్టాడు.

పన్నెండేళ్లుగా మాటల్లేవు. కబురు రాగానే, క్షమించాడనుకుని దేవీప్రసాద్ పరుగున వచ్చాడు.

“నాను పోయాక మా సంటిగాడొత్తాడు. ఇల్లు నాదేనని ఏడుత్తాడు, నీ కాళ్లు పట్టుకుంటాడు. నువ్ మెత్తబడకూడదు బావా.”

“కన్నకొడుకు మీద అంత కోపమేటి?”

“మంచాన పడ్డ ఆళ్లమ్మకి గుక్కెడు నీళ్లివ్వలేదు. నీలిమే సూసుకుంది.”

దేవీప్రసాద్ కాగితాలను దగ్గరకు తీసుకున్నాడు. “ఇంతమందిలో నన్ను నమ్మావ్.”

“మిగతావోళ్లు కరిగిపోతారు. నానైనా కరిగిపోతాను,” అన్నాడు గవర్రాజు. “మా సెల్లి పైడితల్లి నీ గుమ్మం ముందు వానలో కూకుని ఏడిసింది. కట్టుకున్న పెళ్లామని కూడా సూడకుండా నువ్ తలుపు తియ్యలేదు. ఆర్నెల్లకే పోయింది. నీకంటే గట్టోడు నాకెక్కడ దొరుకుతాడు?”

దేవీప్రసాద్ తల దించుకున్నాడు.

“ఒప్పుకున్నట్టేనా?”

తలెత్తకుండానే ఊపాడు.

లోపలి నుంచి నీలిమ ఒక్క గ్లాసు టీ తెచ్చి, తండ్రి చేతికిచ్చి వెళ్లిపోయింది.