తడవని రేకులు

గార్ల శివార్లలోని కొత్త ఫ్యాక్టరీలో విషవాయువును నీళ్లతో కడిగే టవర్ అది. లోపల పేర్చిన ముడతల రేకులు తడిసిన మేరకే పనిచేస్తాయి; పొడిగా ఉన్నచోట గ్యాస్ జారుకుని ఊరి మీద పడుతుంది. అందుకే ముందు ఉత్త నీళ్లు వదిలి చూస్తారు.

చీకటి పడ్డాక దయాకర్ పైకెక్కి, మూత తీసి టార్చి వేశాడు. నీళ్లు అంతటా కురుస్తున్నాయి. నడుమ మాత్రం పొడి మచ్చ. ఎవరో బాసింపట్టు వేసుకుని కూర్చున్నంత.

"రాంజీ, లోపల ఎవరన్న ఉన్నరా?"

"ఎవ్వరు లేరన్నా!" కింద పంపు దగ్గర్నుంచి రాంజీ అరిచాడు.

చూస్తుండగానే ఆ మచ్చా తడిసింది. ఒక్క రేకూ పొడిగా లేదు. హమ్మయ్య అనుకునేలోగా దయాకర్ మెడ మీద చల్లటి చుక్క పడింది.

"అన్నా," రాంజీ కిందినుంచి టార్చి పైకి వేశాడు, "నీ ఎనుక నిలవడ్డది ఎవరు?"