ఈత ప్రకరణం

"ఈత వచ్చునా అబ్బయా?"

పడవ ముందు కొసన కూర్చున్న పద్మనాభయ్య గారు తల తిప్పకుండానే అడిగారు. హెబ్రోను పడవ అంచు పట్టుకున్నాడు.

"రాదయ్యా. మాది వెంకటాచలం. ఊళ్లో బావి కూడా దిగినోణ్ణి కాదు."

"మంచిది" అన్నారాయన.

అందులో మంచేముందో హెబ్రోనుకి అంతుబట్టలేదు. తడ దగ్గర పడవెక్కింది మొదలు ఎటు చూసినా పులికాట్ సరస్సే. అడుగు కనిపించని బురద నీళ్లు, ఎంత లోతో ఏమో! వెనకాల చిన్నపోలయ్య గెడతో పడవ నెడుతున్నాడు. దూరంగా నడి నీళ్లలో కొంగలు బారులు తీరి నిలబడ్డాయి. వాటి బతుకే హాయి అనిపించింది.

తప్పంతా తనదే. నెల్లూరి ప్రెస్సులో ప్రూఫులు దిద్దేవాడు అచ్చుతప్పులు దిద్దుకుని ఊరుకోవచ్చు గదా! మాజీ మంత్రి పద్మనాభయ్య గారి జీవిత చరిత్రలో రెండో ప్రకరణం, ఆయన చిన్నతనంలో బావిలో పడ్డారనీ, ఆ భయంతో జన్మలో ఈత నేర్వలేదనీ చెబుతోంది. పన్నెండో ప్రకరణమేమో, క్విట్ ఇండియా నాటి నలభై రెండులో పోలీసులు తరిమితే పులికాట్ ఈది తప్పించుకున్నారంటుంది. 'రెంటిలో ఏది నిజం?' అని హెబ్రోను పక్కన రాసి పెట్టాడు. పాడు చెయ్యి! ఆ కాగితం తిన్నగా ఆయన చేతికే పోయింది. 'అడిగినోణ్ణి పంపండి' అని కబురొచ్చింది.

"ఆయనకి ఎదురు ప్రశ్న వేసినోడు బాగుపడ్డ దాఖలా లేదురా" అన్నాడు ప్రెస్సు యజమాని, బస్సెక్కిస్తూ.

"సరస్సులోకి పోతున్నట్టు ఎవరికన్నా చెప్పినావా?" పద్మనాభయ్య గారు మళ్లీ అడిగారు.

"లేదయ్యా." అన్నాక నాలుక కరుచుకున్నాడు హెబ్రోను.

"చెప్పబాక. ఇది మన ముగ్గురి మధ్యే ఉండాల."

హెబ్రోను చేతులు జోడించాడు. "అయ్యా, ఆ ప్రశ్న కొట్టేస్తా. మీరు ఈదినట్టే ఉంచేస్తా. నాకిద్దరు ఆడపిల్లలు."

"కొట్టేస్తే ఎట్టా? ఇన్నేళ్లలో ఆ మాట అడిగిన మొనగాడివి నువ్వొక్కడివే. పోలయ్యా, ఈడ ఆపు."

పడవ ఆగింది. ఏ పక్కనా ఒడ్డు కనిపించలేదు. కేకేసినా వినే దిక్కు లేదు.

"చెప్పులిప్పు. వాచీ తీసి పోలయ్యకియ్యి, పాడైపోద్ది."

పెళ్లినాటి వాచీ. తీసిస్తుంటే ఏడుపు ముంచుకొచ్చింది. ఇంటికి అదన్నా చేరుతుందో లేదో!

పద్మనాభయ్య గారు ఇప్పుడు పూర్తిగా ఇటు తిరిగారు. "నాకు ఈత రాదన్నది నిజం. సరస్సు దాటింది నిజం. ఎట్టాగో నీకే తెలుస్తది. దిగు."

"అయ్యా, మీ కాళ్లు పట్టుకుంటా!"

"దిగమంటే దిగడేంది! పోలయ్యా, పట్టు."

చిన్నపోలయ్య బండచెయ్యి భుజం మీద పడింది. హెబ్రోను గట్టిగా కళ్లు మూసుకున్నాడు. ప్రభువా, నా బిడ్డల్ని నువ్వే చూసుకో, అనుకున్నాడు. పడవ అంచు కాలికింద నుంచి జారిపోయింది.

నీళ్లు మోకాళ్లు దాటలేదు.