గుండీల పందెం

"ఇదే ఆఖరి ఆట బావా. తర్వాత మాట మార్చకూడదు," అన్నాడు బావమరిది, ముక్కలు పంచుతూ.

"నేనెప్పుడు మార్చాను? నేను గెలిస్తే నువ్విక ఆ ఊసెత్తకూడదు."

"జన్మలో ఎత్తను. నేను గెలిస్తే మాత్రం ఇవాళే మూటాముల్లే సర్దుకుని మా ఇంటికొచ్చేయాలి."

టైలరు తలూపాడు. భార్య పోయిన ఏడాదిగా కుట్టు దుకాణం వెనక గదిలోనే అతడి కాపురం. బావమరిది రమ్మనని వారం లేదు, అతడు వద్దనని వారమూ లేదు. చివరికి ఇద్దరూ విసిగి పోకర్ మీద పెట్టారు. చెరో ఇరవై గుండీలు. ఆట ముగిసేసరికి ఎవరి దగ్గర ఎక్కువుంటే వాళ్లది గెలుపు. ఇప్పుడు బావమరిది ముందున్నవి పాతిక, టైలరు ముందున్నవి పదమూడు. మధ్యలో రెండు.

వాన వెలిసిన మధ్యాహ్నం. కిటికీ ఎండలో దారపు నూగు మెల్లగా, కల్లో నడిచినట్టు తేలుతోంది. చత్వారం వల్ల టైలరు ముక్కల్ని చెయ్యి చాచి, పక్కకు, ఆ వెలుగులోకి పట్టి చూశాడు.

మూడు రాణులు, రెండు తొమ్మిదులు. దాదాపు ఓటమి లేని ముక్కలు.

పందెం కాస్తే బావమరిది జడిసి ముక్కలు పడేస్తాడు. అప్పుడు దక్కేది ఆ రెండు గుండీలే. ఊరుకుంటే వాడే కాయొచ్చు.

"చెక్," అన్నాడు టైలరు నీరసంగా, పందెం కాయకుండా వంతు వదిలేస్తూ.

"అంత దిగాలెందుకు బావా? పెళ్లిచూపుల్లో కూడా ఇలాగే కూర్చున్నావట. అక్క చెప్పేది."

"మీ అక్క అన్నీ చెప్పేది. నీ సంగతి చూడు."

బావమరిది కూడా చెక్ అంటే చాలు, మధ్యలోని రెండు గుండీలు పోయినా పందెంలో గెలుపు అతడిదే. అతడు టైలరు భుజం మీదుగా ఎటో చూస్తూ చాలాసేపు ఆలోచించాడు. తర్వాత గుండీలన్నీ రెండు చేతులా ముందుకు తోశాడు.

"మొత్తం."

టైలరు తన పదమూడూ పెడితే ఇక తిరుగులేదు. చెయ్యి గుండీల మీదికి వెళ్లింది. పక్కనే, బావమరిది భార్య, చెల్లెమ్మ పంపిన క్యారియరు. చల్లారకుండా ఎప్పట్లాగే తువ్వాలు చుట్టి పంపింది. రమ్మంటే వెళ్లనివ్వని తన అభిమానం, పందెం ఓడి వెళితే మాత్రం ఏమనగలదు?

ముక్కల్ని బోర్లించి, పేకలో కలిపేశాడు.

"నీదే గెలుపు."

"భయపడ్డావా బావా?"

"నువ్వంత ధైర్యంగా కాస్తే భయపడనూ?"

బావమరిది కళ్లు తుడుచుకుని, ఆటో పిలవడానికి బయటికెళ్లాడు.

టైలరు చెప్పులు తొడుక్కోవడానికి బావమరిది కుర్చీలో కూర్చుని తలెత్తాడు. ఎదురుగా, ఇందాక తన వీపు వెనకున్న నిలువుటద్దం. అందులో కిటికీ, ఎండ, తాను ముక్కలు పట్టుకున్న చోటు.

మూడు రాణుల్నీ చూసే బావమరిది గుండీలన్నీ తోశాడు.