రాణి గది కాపలా

వులన్ ఈటె మొదటివాడి గొంతులో దిగి మెడ వెనక తేలింది. పీకేసరికి వాడు మెట్లమీద దొర్లుకుంటూ పోయి, వెనక ఎక్కుతున్నవాణ్ణి కూడా పడగొట్టాడు.

ఆమె వెనక రాణి గది తలుపు. టేకు చెక్క. మెట్లు ఇరుకు, ఒక్కొక్కడే ఎక్కాలి. రాణివాసానికి ఆడవాళ్ళే కాపలా. వులన్ తప్ప మిగతావాళ్ళంతా కింద వాకిట్లో చచ్చి పడున్నారు.

పొద్దున యుద్ధానికి పోతూ రాజు చెప్పాడు. "నేనొచ్చేలోగా రాణి శత్రువుల చేతికి చిక్కిందో, నీ తల జోలికి రాను. నీ కూతురి తల తీస్తాను."

జావాలో రాణి ఎవడి పక్కన కూర్చుంటే గద్దె వాడిది. అందుకే మగవాళ్ళకు రాణులంటే అంత ప్రేమ.

పడ్డవాడు లేచాడు. "ఏమే ముసల్దానా, ఇంట్లో అన్నం వండుకోక ఈటె ఎందుకే నీకు?"

"వండుతూనే ఉన్నా. రా, వడ్డిస్తా."

వాడి కత్తి ఆమె చెవిని కోసుకుపోయింది. ఆమె ఈటె వాడి పొట్ట చీల్చింది. పేగులు రెండు చేతులా పట్టుకుని మెట్టుమీద కూలబడ్డాడు, ఇంకేదో అడగబోతున్నట్టు నోరు తెరిచి.

లోపలి నుంచి రాణి గొంతు. "చాలు వులన్. ఇంకెవర్నీ చంపకు. తలుపు తియ్యి, వాళ్ళతో నేనే వెళ్తాను."

"మీరు వెళ్తే నా పిల్ల బతకదు రాణమ్మా. అటు గోడవైపు జరిగి కూర్చోండి."

మూడోవాడు వయసులో చిన్నవాడు. రెండు శవాలు దాటి వచ్చి ఆగాడు.

"నీతో నాకు పగలేదు పెద్దమ్మా. రాణి కోసం వచ్చాను. తప్పుకో."

"అందరూ ఆమె కోసమేగా నాయనా వచ్చేది."

తల్లి వయసుదాన్ని నరకడానికి చెయ్యి రాలేదేమో, కత్తి కాస్త దించాడు. అప్పుడే పొడిచింది. ఛాతీలో దిగిన ఈటెతోనే రెండడుగులు ముందుకొచ్చి, తలుపుకు చెయ్యి ఆనించి, అలాగే జారి పడ్డాడు. నెత్తురు తలుపు కింద నుంచి లోపలికి పాకింది. రాణి కెవ్వుమంది.

ఊరి బయట రాజు ఏనుగుల నగారా మోగింది. గెలిచి వస్తున్నాడు.

"అయిపోయింది రాణమ్మా. రాజుగారు వచ్చేస్తున్నారు."

లోపలి నుంచి రాణి తలుపు బాదుతోంది.

వులన్ చెవి నెత్తురు తుడుచుకుంది. తలుపు దగ్గర పడున్న రాణి తమ్ముడి శవాన్ని కాలితో పక్కకు నెట్టి, తలుపుకు బయటివైపున్న గడియ ఇంకాస్త బిగించింది.