చెన్నకేశవులు గొంతులు

"బర్రె బాగా వచ్చింది బాబాయిగారూ. ఇప్పుడు మేక" అంది ప్రశాంతి, చెవులకు హెడ్‌ఫోన్లు సర్దుకుంటూ.

చెన్నకేశవులు రెండు గుక్కల గోరువెచ్చని నీళ్ళు తాగి మైకు ముందుకు వంగాడు. మెడ సాచి, కళ్ళు సగం మూసి అరిచాడు. పక్కింటి పెరట్లో దూరి ఆకంతా మేసి, ఎవరో కర్ర పట్టుకొని వస్తుంటే ఏమీ ఎరగనట్టు నిలబడే మేక అది. ఒకప్పుడు టీవీలో ఆదివారం హాస్య కార్యక్రమంలో ఆ మేక వస్తోందంటే వీధంతా ఖాళీ అయ్యేది. అతని జంతువులకు ఒక్కోదానికి ఒక్కో గుణం. బర్రెకు ముక్కు మీద కోపం. కోడి గుడ్డు పెట్టగానే ఊరంతా చాటుకుంటుంది. గాడిదది మరీ సున్నితమైన మనసు, చిన్న మాటకే నొచ్చుకుంటుంది.

ఆ కార్యక్రమం ఆగిపోయి చాలా ఏళ్ళయింది. కొత్తగూడలో అతని ఇంట్లో పైగదిని కాకినాడ నుంచి వచ్చిన ప్రశాంతి కిరాయికి తీసుకుంది. హైటెక్ సిటీలో కొత్తగా లేచిన అద్దాల భవనంలో ఆమె ఉద్యోగం. పోయిన వారం మెట్లు దిగి వచ్చి, తమ కంపెనీ పిల్లల కోసం జంతువుల కథల సీడీ చేస్తోందనీ, గొంతులన్నీ ఆయనే ఇవ్వాలనీ అడిగింది.

చెన్నకేశవులుకు ప్రాణం లేచొచ్చింది. ఎందుకంటే ఆ గొంతు ఇక ఎన్నాళ్ళో ఉండదు. కొంతకాలంగా బొంగురుపోతోందని దవాఖానకు వెళ్తే, ఆపరేషన్‌లో స్వరపేటిక తీసేయక తప్పదనీ, ప్రాణానికి భయం లేదు గానీ మాట ఇక రాదనీ డాక్టరు చెప్పాడు. అప్పుడు అతని భార్య భూలక్ష్మి ఓరగా వేసిన తలుపు బయట బల్ల మీద కూర్చుని ఉంది. ఆమెతో మాత్రం చిన్న గడ్డ తీస్తారట, ఫికర్ చేయకు అన్నాడు. సరేనని ఆమె మరో మాట అడగలేదు. నమ్మిందిలే అని అతను ఊపిరి పీల్చుకున్నాడు.

సీడీ మాట వినగానే భూలక్ష్మి, ఈ వయసులో గిట్ల కూతలేందని మూతి తిప్పింది. చివరికి అద్దాల బంగ్లా చూడాలని ఉందంటూ తానూ వెంట వచ్చింది. ఆదివారం కావడంతో ఆఫీసులో ఎవరూ లేరు. చప్పుడు లేకుంటేనే రికార్డింగు బాగుంటుందని ప్రశాంతి చెప్పింది.

గాడిద దగ్గర అతని గొంతు పట్టేసింది. దగ్గు తెర ఆగలేదు.

"ఇగ చాలు తియ్యి" అంది భూలక్ష్మి.

"పిల్లలు వింటరే. గాడిద లేకుంటే ఎట్ల?"

మళ్ళీ అందుకున్నాడు. అలిగిన గాడిద ఎవరైనా బుజ్జగిస్తారేమోనని మధ్యమధ్య ఆగి ఏడ్చింది. ప్రశాంతి పొట్ట పట్టుకొని నవ్వింది. అతని కూతలకు ఏనాడూ నవ్వని భూలక్ష్మి కూడా నవ్వింది. నవ్వి, కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

జంతువులన్నీ అయ్యాక, కథ చెప్పే మనిషి మామూలు గొంతు కూడా కావాలంది ప్రశాంతి. ఏం మాట్లాడాలో అతనికి తోచలేదు. ఇంట్లో మాట్లాడినట్టే మాట్లాడమంది.

చెన్నకేశవులు భార్య వంక చూశాడు. "భూలక్ష్మీ, జర చాయ్ పెడ్తవా?"

అలా మొదలై మాటలు ఆగలేదు. పెళ్ళయిన కొత్తలో ఆమె అలిగి తలుపేసుకుంటే గడప ముందు కూర్చుని కోడిపిల్లలా కూసి తీయించిన సంగతి చెప్పాడు. తాను మొదటిసారి టీవీలో కనబడిన నాడు ఆమె ఇరుగుపొరుగునంతా పిలిచి, తాను మాత్రం సిగ్గుతో వంటింట్లోకి పారిపోయిన సంగతి చెప్పాడు. చెబుతూ తనే నవ్వాడు.

"ఇంకోసారి పిలువు" అంది భూలక్ష్మి మెల్లగా.

"ఏమని?"

"నా పేరుతోటి."

పిలిచాడు. ప్రశాంతి తల వంచుకొని కంప్యూటరు వైపు చూస్తూ ఉండిపోయింది.

ఆటోలో తిరిగి వస్తుంటే నిజం చెప్పేద్దామని అతనికి నోటిదాకా వచ్చింది. ఆపరేషన్ వరకైనా ఆమెను నిశ్చింతగా నిద్రపోనిద్దామని ఆగిపోయాడు. తన గొంతు ఎక్కడో కొందరు పిల్లల్ని నవ్విస్తుంది, అది చాలనుకున్నాడు.

ఆపరేషన్ జరిగింది. మాట పోయింది. ఇంటికి వచ్చాక పలకరించడానికి ప్రశాంతి కిందికి దిగింది. మెడకు కట్టుతో మంచం మీద కూర్చున్న చెన్నకేశవులు, మోచేతులు కోడిరెక్కల్లా ఆడించి, అరచేయి ఇంత ఎత్తున పెట్టి, పిల్లలు విన్నారా అని సైగ చేశాడు.

ప్రశాంతి వంటింటి వైపు ఒకసారి చూసి, అతని పక్కన కూర్చుని గొంతు తగ్గించింది.

"ఆ సీడీ పిల్లలకు కాదు బాబాయిగారూ, పిన్నిగారు అడిగి చేయించుకున్నారు."